అక్షింతల పురుగులు: తోటకు మిత్రులెవరు, శత్రువులెవరు?

చిక్కుడు పందిరి పూతకు వచ్చు మార్గశిర, పుష్య మాసములలో మబ్బుపట్టి చలిగాలి తిరిగినచో, నాలుగైదు దినములలోనే లేత కొనలన్నియు నల్లని పేనుబంకతో నిండిపోవుట రైతులందరకు అనుభవమే. మొగ్గలు ముడుచుకొని రాలిపోవును. ఆకులపై తియ్యని జిగురు కారును. ఆ జిగురుపై మసివంటి నల్లని బూజు పట్టును. చీమలు బారులు తీరును. అప్పుడు రైతు చేయు మొదటి పని మందుల దుకాణమునకు పోవుట. అట్లు పోవుటకు ముందు ఒక పది నిమిషములు పందిరి క్రింద నిలిచి, ఆకులను తిరగవేసి చూచుట ఎంత లాభకరమో ఈ వ్యాసమున వివరింపబడినది.

ఒక సంవత్సరము పుష్యమాసమున కృష్ణానది లంక గ్రామమునుండి ఒక పెద్దవయసు రైతు నా వద్దకు ఒక గాజుసీసా తెచ్చెను. అందులో నల్లగా, పొడవుగా, ఒంటినిండ ముళ్లవంటి మొటిమలతో, నారింజరంగు మచ్చలతో కొన్ని పురుగులు ప్రాకుచుండెను.

"మాస్టారూ, బంకకని రెండుసార్లు మందు కొట్టాను. పందిట్లో బంక మళ్లీ వచ్చింది. మందు చాలక చివరి నాలుగు గుంజలు వదిలేస్తే అక్కడ ఈ ముళ్లపురుగులు పుట్టుకొచ్చాయి. పూత తినేస్తాయేమోనని భయంగా ఉంది. వీటికి ఏ మందు కొట్టమంటారు?" అని ఆయన అడిగెను.

"బాబాయిగారూ, ఇవి పూత తినేవి కావు, మీ బంకను తినేవి" అంటిని. ఆయనకు నమ్మకము కలుగలేదు. మా కళాశాల తోటనుండి బంకపట్టిన చిక్కుడు కొన ఒకటి త్రుంచి ఆ సీసాలో వేసితిని. ఆకలిగొనియున్న పురుగులు క్షణములో దానిపైకి ఎక్కి, బంకపురుగులను ఒక్కొక్కటిగా పట్టి నమలసాగెను. మేము మాటలాడి ముగించునప్పటికి ఆ కొనపై చాలభాగము ఖాళీ అయ్యెను. ఆయన చాలసేపు సీసానే చూచుచుండి, "అయితే మందు కొట్టిన మేర నేను వీటినే చంపుకున్నానన్నమాట" అనెను.

ఆ ముళ్లపురుగులు మరేవియు కావు. మనమందరము ఎరిగిన అక్షింతల పురుగు పిల్లలే. పెద్ద పురుగును గుర్తుపట్టని రైతు లేడు. దాని పిల్లను గుర్తుపట్టువారు మాత్రము అరుదు. తోటకు నష్టమంతయు ఇక్కడనే కలుగుచున్నది.

అక్షింతల పురుగు నాలుగు రూపములు

అక్షింతల పురుగు పెంకుపురుగుల జాతికి చెందినది. సెనగగింజను సగమునకు కోసి బోర్లించినట్లు గుండ్రముగా, నున్నగా, మెరయుచుండును. మన తోటలలో సాధారణముగా మూడు రకములు కనబడును. ఎర్రని రెక్కలపై ఏడు నల్లని చుక్కలు గలది ఒకటి. పసుపు లేక నారింజరంగు రెక్కలపై వంకరటింకర నల్లచారలు గలది మరియొకటి. ఎరుపు కలిసిన నారింజరంగుపై అడ్డముగా నల్లని పట్టీలు గలది మూడవది. ముట్టుకొనినచో కాళ్ల కీళ్లనుండి చేదైన పసుపురసము కార్చుట వీని స్వభావము. ఆ రసమునకు జడిసి పక్షులు వీనిని సాధారణముగా తినవు.

తల్లిపురుగు గ్రుడ్లను పేనుబంక ఉన్నచోటనే ఆకు అడుగుభాగమున పెట్టును. గ్రుడ్లు పసుపురంగున, కదురువలె కొనలు సన్నగిలి, పది మొదలు ఏబది వరకు ఒకచోట గుంపుగా నిలువుగా నాటినట్లుండును. ఒక్క తల్లిపురుగు తన జీవితకాలమున కొన్ని వందల గ్రుడ్లు పెట్టును. మన వేడి దేశమున ఇవి రెండు మొదలు నాలుగు దినములలో పొదుగును.

గ్రుడ్డునుండి వెలువడిన పిల్లపురుగు చిన్న మొసలి ఆకారమున ఉండును. ఇది నాలుగు దశలు పెరిగి, వారము మొదలు పన్నెండు దినములలో పూర్తి ఎదుగును. తోటకు ఎక్కువ మేలు చేయునది ఈ పిల్లయే. దీనికి రెక్కలు లేవు గనుక ఎగిరిపోజాలదు. పుట్టిన కొమ్మపైననే తిరుగుచు ఆకలి తీర్చుకొనును. ఎదుగు కాలమున కొన్ని వందల బంకపురుగులను తినును. తరువాత ఆకునకో కాడకో తోకను అంటించుకొని కదలక నిలిచిపోవును. ఇది ప్యూపా దశ. దీనిని చచ్చిన పురుగనియు, తెగులు బొబ్బ అనియు పొరపడి నలిపివేయువారు కలరు. మూడు మొదలు అయిదు దినములలో ఈ గూటినుండి రెక్కలపురుగు వెలువడును. రెక్కల పురుగు కూడ దినమునకు సుమారు 50 వరకు బంకపురుగులను తినగలదు.

ఇట్లు గ్రుడ్డు, పిల్ల, ప్యూపా, పెద్దపురుగు అను నాలుగు రూపములను గుర్తించిననే మిత్రుని గుర్తించినట్లు. ఒక్క రూపమును మాత్రమే ఎరిగినవాడు తక్కిన మూడింటిని తన చేతితోనే చంపుకొనును.

ఒకే పేరు, రెండు పురుగులు

ఇక్కడ మరియొక చిక్కు గలదు. వంగతోటలో ఆకులను జల్లెడవలె చేయు పురుగును కూడ మన రైతులు అక్షింతల పురుగు అనియే పిలుచుచున్నారు. దీనిని శాస్త్రజ్ఞులు ఎపిలాక్నా అందురు. ఇది మిత్రపురుగునకు దాయాదియే గాని దీని ఆహారము ఆకులు. వంగ, బంగాళాదుంప, కాకర మొదలగు పైరులకు ఇది శత్రువు. పేరు ఒకటే అగుటచే కొందరు శత్రువును మిత్రుడని వదలుచున్నారు. కొందరు మిత్రుని శత్రువని చంపుచున్నారు. ఈ రెంటిని వేరుపరచు గుర్తులు ఇవి.

మిత్రపురుగు రెక్కలు నున్నగా అద్దమువలె మెరయును. శత్రుపురుగు రాగిరంగున, సన్నని నూగు కప్పి, మెరుపులేక మందముగా కనబడును. దాని రెక్కలపై చుక్కలు అనేకము. సాధారణముగా 12 లేక 28 ఉండును.

మిత్రపురుగు పిల్ల నలుపు లేక బూడిదరంగున ఉండి, చురుకుగా పరుగిడును. శత్రుపురుగు పిల్ల పసుపురంగున ఉండి, ఒంటినిండ కొమ్మలు చీలిన ముళ్లు కలిగి, ఆకు నంటిపెట్టుకొని మందముగా కదలును.

గ్రుడ్లు రెండింటివియు పసుపురంగు గుంపులే. మిత్రపురుగు గ్రుడ్లు ఉన్నచోట, లేక దగ్గరలో, పేనుబంక ఉండును. శత్రుపురుగు గ్రుడ్లు బంక లేని శుభ్రమైన వంగ ఆకుల అడుగున కూడ ఉండును.

శత్రువు మేసిన ఆకు పచ్చదనము గీకబడి, ఈనెలు మాత్రము వలవలె మిగులును. మిత్రుడు ఉన్న ఆకునకు ఈ గీతలుండవు.

సొర, గుమ్మడి, దోస మొలకలను కొరుకు ఎర్రని పెంకుపురుగు వేరొకటి. దానికి చుక్కలు లేవు. దేహము గుండ్రముగాక కొంత పొడవుగా ఉండును. అదియు శత్రువే.

సీసా పరీక్ష

చదివిన గుర్తులు తోటలో సందేహము కలిగించినచో ఇంటివద్దనే ఒక పరీక్ష చేయవచ్చును. మూతకు చిన్న చిన్న రంధ్రములు చేసిన గాజుసీసా తీసుకొని, అందులో అనుమానము గల పురుగులు రెండు మూడు వేయవలెను. వానితోపాటు బంకపట్టిన కొన ఒకటి, శుభ్రమైన వంగ ఆకు ఒకటి పెట్టి, నీడలో ఒక రాత్రి ఉంచవలెను. ఉదయమున బంక తగ్గి, ఆకు చెక్కుచెదరక ఉన్నచో ఆ పురుగు మిత్రుడు. ఆకు గీకబడి, బంక అట్లే ఉన్నచో శత్రువు. మిత్రులని తేలినవానిని తిరిగి బంకపట్టిన కొమ్మలపై విడువవలెను. పిల్లలచేత ఈ పరీక్ష చేయించినచో వారును పురుగులను గుర్తించుట నేర్చుకొందురు.

మందు కొట్టిన తోటలో బంక ఎందుకు తిరిగి వచ్చును?

పేనుబంక తల్లులు మన ప్రాంతమున మగపురుగుతో పనిలేకయే పిల్లలను కనును. గ్రుడ్డు పెట్టి పొదుగువరకు ఆగవలసిన అవసరము కూడ లేదు. పుట్టిన పిల్ల సుమారు వారము పదిదినములలో తానే తల్లి యగును. అక్షింతల పురుగునకు ఒక తరము గడచుటకు రెండు మూడు వారములు పట్టును. పైగా తినుటకు బంక దొరకినగాని అది ఆ తోటలో నిలిచి గ్రుడ్లు పెట్టదు.

ఇప్పుడు రైతు ఘాటైన మందు కొట్టెననుకొందము. బంకలో అధికభాగము చచ్చును. ముడుచుకొనిన ఆకులలో దాగినవి కొన్ని మిగులును. ఆకులపై బయట తిరుగు మిత్రపురుగులు దాదాపు అన్నియు చచ్చును. మిగిలిన కొద్ది బంకపురుగులు అడ్డులేక వృద్ధిచెంది, రెండు వారములలో తోటను మరల నింపును. మిత్రులు తిరిగి చేరునప్పటికి ఆలస్యమగును. ఆ మధ్యకాలమున రైతు రెండవసారి మందు కొట్టును. ఇట్లు ఒక మందు మరియొక మందును పిలుచుచుండును. చిక్కుడు, బెండ, వంగ మూడు నాలుగు దినములకొకసారి కోయు కూరగాయలు. మందు కొట్టిన మరునాడు కోసిన కాయ సంతకు పోవును, మన ఇంటి పొయ్యిమీదికిని వచ్చును. కావున ఈ నష్టము రూకలతో మాత్రమే తీరునది కాదు.

ఒక్క పందిరిని చూచి సూత్రము చేయరాదన్న మాట నిజమే. కాని ఈ సంగతికి పెద్ద నిదర్శనములు కలవు. 1980ల మధ్యకాలమున గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విరివిగా వాడిన పిమ్మట తెల్లదోమ విజృంభించి రైతులకు తీవ్రనష్టము కలిగించెను. అంతకు పూర్వమే నారింజతోటలు మరింత స్పష్టమైన పాఠము నేర్పినవి.

నారింజతోటల పాఠము

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1868 ప్రాంతమున ఆస్ట్రేలియానుండి దూదివంటి సంచి మోయు పొలుసుపురుగు ఒకటి ప్రవేశించెను. 1880ల నాటికి నారింజ, నిమ్మతోటలు ఎండిపోయి, కొందరు రైతులు చెట్లను నరికి తగులబెట్టవలసివచ్చెను. అప్పటికి తెలిసిన మందులేవియు పనిచేయలేదు. 1888లో ఆల్బర్ట్ కీబెలె అను కీటకశాస్త్రజ్ఞుని ఆస్ట్రేలియాకు పంపిరి. పుట్టినచోట ఈ పురుగును అదుపులో ఉంచునది ఏదో వెదకుట ఆయన పని. ఆయనకు వేదాలియా అను చిన్న ఎర్రని అక్షింతల పురుగు దొరకెను. మొదటి మూడు విడతలలో లాస్ ఏంజిలిస్ చేరినవి 129 పురుగులు మాత్రమే. వానిని ఒక చెట్టునకు గుడ్డ డేరా కట్టి అందులో విడిచిరి. 1889వ సంవత్సరము ముగియునప్పటికి ఆ ప్రాంతపు తోటలు తేరుకొనెను.

కథ ఇంతటితో ఆగలేదు. 1940లలో అచటి నారింజతోటలలో ఇతర పురుగులకొరకు డి.డి.టి. వాడుట మొదలిడిరి. ఆ మందు వేదాలియాను చంపెను. అర్ధశతాబ్దముపైగా అణగియున్న పొలుసుపురుగు మరల పెచ్చరిల్లెను. మందు వాడుక మార్చి, వేదాలియాను తిరిగి తోటలలో విడిచిన పిమ్మటనే అది అదుపునకు వచ్చెను. మిత్రుడు ఉన్నంతవరకు అతడు చేయు పని మనకు కనబడదు. పోయినపిదప తెలియును. మన నీలగిరులలో కూడ వాటిల్ చెట్లపై ఇదే పొలుసుపురుగు కనబడగా, 1930 ప్రాంతమున వేదాలియాను తెప్పించి విడిచి మేలు పొందిరి.

పిండినల్లికి నల్ల అక్షింతల పురుగు

ద్రాక్ష, జామ, నిమ్మ, సీతాఫలము, మందార మొదలగువానిపై తెల్లగా పట్టు పిండినల్లికి వేరొక రకపు అక్షింతల పురుగు శత్రువు. దీని పేరు క్రిప్టోలీమస్. రెక్కలు నల్లగా, తల, మెడ, రెక్కల చివర ఇటుకరంగున ఉండును. దీనిని ఆస్ట్రేలియానుండి 1898లో కాఫీతోటల పొలుసుపురుగుకొరకు మన దేశమునకు తెచ్చిరి. ఆ పనికి అది అక్కరకు రాలేదు గాని, దక్షిణదేశమున స్థిరపడి పిండినల్లిని తినుచున్నది. గుమ్మడికాయలపై పిండినల్లిని పెంచి, దానిపై ఈ పురుగులను వృద్ధిచేయు పద్ధతి నేడు వాడుకలో కలదు. ద్రాక్షలో తీగకు సుమారు 10, జామ, నిమ్మలలో చెట్టునకు 10 మొదలు 20 చొప్పున సాయంకాలము విడువవచ్చును.

దీని పిల్లను గురించి మిక్కిలి జాగ్రత్త అవసరము. దానికి ఒంటినిండ తెల్లని మైనపు కుచ్చులుండి, అచ్చము పెద్ద పిండినల్లివలెనే కనబడును. డబ్బు పెట్టి కొని విడిచిన పురుగుల సంతతిని పిండినల్లి పెరిగినదనుకొని మందు కొట్టి చంపిన తోటలు కలవు. పుల్లతో మెల్లగా కదిపి చూడవలెను. పిండినల్లి దాదాపు కదలదు. మిత్రుని పిల్ల వెంటనే చకచక నడచిపోవును.

పేనుబంక తిను రకములను మాత్రము కొని విడుచుటకంటె, తమంతట వచ్చినవానిని నిలుపుకొనుట మేలు. అమెరికాలో కొండలలో గుంపులుగా విశ్రమించు అక్షింతల పురుగులను పోగుచేసి అమ్ముదురు. తోటలో విడిచిన కొద్ది దినములలోనే వానిలో చాలభాగము ఎగిరిపోవుచున్నట్లు అచట గమనించిరి.

తోటలో వీనిని నిలుపుకొను విధము

1. తోట గట్లపై అలసంద రెండు వరుసలు వేయవలెను. అలసందపై ముందుగా బంక చేరును. దానికై మిత్రపురుగులు వచ్చి వృద్ధిచెంది, పక్కపైరులకు వ్యాపించును. ఈ వరుసలకు మందు కొట్టరాదు. చిక్కుడును ఆశించు బంకయే అలసందనుకూడ ఆశించును గనుక, గట్టుపై మిత్రపురుగులు కనబడక బంక మాత్రమే పెరుగుచున్నచో ఆ కొనలను త్రుంచి నాశనము చేయవలెను.

2. కొన్ని ధనియాల మొక్కలను, ఆవ మొక్కలను పూతకు వదలవలెను. బంక దొరకని దినములలో పెద్దపురుగులు పుప్పొడి, తేనెలతో ప్రాణము నిలుపుకొనును.

3. చీమలను అడ్డగించవలెను. చీమలు బంక విసర్జించు తియ్యని జిగురుకొరకు దానిని పశువులవలె కాచును; మిత్రపురుగు పిల్లలను తరుమును. పందిరి గుంజలకును, తీగ మొదలుకును గుడ్డపట్టీ చుట్టి, పట్టీపై మాత్రమే గ్రీజు పూయవలెను. లేతకాడకు గ్రీజు తగులరాదు.

4. నత్రజని ఎరువును అతిగా వేయరాదు. అతిగా వేసినచో లేత చిగుళ్లు మెత్తబడి బంక త్వరగా వృద్ధిచెందును.

5. పెరటి చిక్కుడుపై బూడిద చల్లు ఆచారము మంచిదే. కాని మిత్రపురుగు పిల్లలున్న కొనలను విడిచి తక్కినవానిపై చల్లవలెను.

లెక్క చూచి నిర్ణయించుట

వారమునకు రెండుసార్లు ఉదయమున తోటలో మూలనుండి మూలకు నడచి 20 మొక్కల లేతకొనలను, ఆకుల అడుగులను చూడవలెను. పందిరియైనచో 20 కొనలు చూడవలెను. బంకపట్టిన అయిదారు కొనలకు రంగుదారము కట్టి, ప్రతిసారి వానినే చూచినచో పెరుగుదల, తరుగుదల స్పష్టముగా తెలియును.

దారము కట్టిన కొనలలో ఎక్కువవానిపై మిత్రపురుగు గ్రుడ్లుగాని, పిల్లలుగాని ఉన్నచో నాలుగైదు దినములు ఆగవలెను. ఉబ్బి గోధుమరంగుకు మారి బిగిసిన బంకపురుగులు కనబడినను శుభసూచకమే. వానిలో సన్నని కందిరీగజాతి పరాన్నజీవి పెరుగుచున్నదని అర్థము. మరల చూచినపుడు బంక తగ్గుచున్నచో మందు అవసరము లేదు.

బంక పెరుగుచు, మిత్రులు కనబడకున్నచో ముందుగా మిక్కిలి పట్టిన కొనలను త్రుంచి నాశనము చేయవలెను. తక్కినవానిపై నీటిని ధారగా, బలముగా కొట్టి బంకను రాల్చవలెను. అప్పటికిని లొంగనిచో వేపగింజల కషాయము వాడవలెను. అర కిలో వేపగింజల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి, ఒక లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, ఉదయమున బాగుగా పిండి వడకట్టి, మొత్తము 10 లీటర్లు అగునట్లు నీరు కలిపి, 10 గ్రాముల సబ్బుపొడి చేర్చవలెను. సాయంకాలము, బంకపట్టిన భాగములపై మాత్రమే, ఆకు అడుగు తడియునట్లు చల్లవలెను. తోటనంతటిని తడుపరాదు. మిత్రులకు కొంత స్థలము మిగల్చవలెను.

వంగలోని శత్రుపురుగుకొరకు గ్రుడ్లగుంపులు గల ఆకులను, పసుపు ముళ్లపిల్లలను చేతితో ఏరి చంపుట మంచిది.

వీనివలన కాని పనులు

అక్షింతల పురుగు సర్వరోగనివారిణి కాదు. కాయతొలుచు పురుగులను, వంగ కొమ్మతొలుచు పురుగును ఇది అరికట్టలేదు. కాయలోపల ఉన్న పురుగు దీనికి అందదు. బొప్పాయి, మిరప మొదలగు పైరులకు పేనుబంక వైరస్ తెగుళ్లను కొద్ది నిమిషములలోనే అంటించును. మిత్రపురుగు బంక చేరిన తరువాతగాని రాదు గనుక ఆ తెగుళ్లను ఆపజాలదు. అచట ఆరోగ్యకరమైన నారు, తెగులు మొక్కలను పెరికివేయుట, గట్లపై జొన్న లేక మొక్కజొన్న వరుసలు వేయుట వంటి జాగ్రత్తలు అవసరము. మిత్రులు పనిచేయుటకు కొన్ని దినముల వ్యవధి కావలెనన్న సంగతియు మరువరాదు. ఆ దినములలో కొన్ని కొనలు పోవును. మూడవసారి మందు కొనుటకంటె అది చిన్న నష్టము.

పైన చెప్పిన లంకరైతు ఆ పుష్యమాసమున మూడవసారి మందు కొట్టలేదు. చివరి గుంజలవద్దనున్న పిల్లపురుగులను కొన్నింటిని ఆకులతోసహా తెచ్చి, బంకపట్టిన మిగిలిన పందిరిపై అక్కడక్కడ పెట్టెను. చివరి కోతలలో కాయ బాగుగా వచ్చినదని తరువాత కబురు చేసెను. మరుసటి ఏడు మరల సీసాతో వచ్చెను. అందులో రాగిరంగు పురుగులు రెండు, గీకిన వంగ ఆకు ఒకటి ఉండెను. "మాస్టారూ, వీటి సంగతి నేనే తేల్చుకున్నాను, ఇవి శత్రువులే. చూసి పోదామని తెచ్చాను" అనెను.

రైతు సోదర సోదరీమణులు పంపునకు చేయిచాచుటకు ముందు ఆకును తిరగవేసి చూచెదరుగాక.